చిన్నదొరకు పాలిచ్చినదాన్ని

ఆ రాజును దించింది నేనంటే నేనని ఇప్పుడు ఊళ్లో ప్రతివాడూ మీసం మెలేస్తాడు. కోట తలుపు తీసింది తనేనంటాడొకడు, మొదటి రాయి వేసింది తనేనంటాడింకొకడు. అబ్బో, అందరూ వీరులే! నేను మాత్రం నోరు విప్పను. ఆ రాజు నన్నొక మాట అడిగాడు, నేను అబద్ధం చెప్పాను. ఆయన కొంప మునిగింది దాంతోనే.

మాది సముద్రం ఒడ్డున ఉప్పు కాచే ఊరు. మా ఆయన్ని కోట కందకం తవ్వడానికి పట్టుకుపోతే జ్వరంతో అక్కడే పోయాడు. ఆ తర్వాత నాకు ఆడపిల్ల పుట్టింది. మి చాన్ అని పేరు పెట్టుకున్నాను. దానికి రెండో నెల నిండిందో లేదో, భటులు మళ్లీ వచ్చి చంటిబిడ్డల తల్లుల్ని పడవెక్కించారు. అడవిలో తెల్ల ఏనుగు గున్న దొరికిందట, దాని తల్లి చచ్చిందట, మనిషి పాలే పట్టాలట. పిల్లల్ని వెంట తేకూడదన్నారు. తెస్తే పాలు పంచుకుంటారట!

మా ఆయన అక్క మి సోన్ కూడా అప్పుడు బాలింతే. కాలు ఈడ్చి నడిచే మనిషని ఆవిణ్ని వదిలేశారు. మి చాన్‌ను ఆవిడ చేతుల్లో పెట్టాను.

"ఏడవకే. నా కొడుక్కి ఒకటి, నీ కూతురికి ఒకటి. దేవుడు రెండిచ్చింది అందుకే కదా" అంది వదిన.

ఆ రాజంటే ఎవరికీ పడేది కాదు. సొంత అన్నను చంపి గద్దెనెక్కాడు. ఎక్కిన ఏడే వానలు మొహం చాటేశాయి. జనం గంజికి ఏడుస్తుంటే ఆయన కందకాలు తవ్వించాడు. వీధిలో ఆయన వస్తున్నాడంటే టపటపా తలుపులు మూసుకునేవాళ్లు. అలాంటిది, గున్న దొరికిందనగానే ఊరు మెత్తబడింది. పుణ్యం లేనివాడి రాజ్యానికి తెల్ల ఏనుగు రాదు కదా, మనమే పొరబడ్డామేమో అనుకున్నారు.

ఏనుగుల సాలలో ఇరవైమందిమి వంతులవారీగా పాలిచ్చేవాళ్లం. దాన్ని చిన్నదొర అని పిలవాలి. మొదట్లో చూస్తేనే ఒళ్లు మండేది. నా కూతురి నోటికాడ కూడు లాక్కుంటున్నావు కదరా అని తిట్టుకునేదాన్ని. కానీ ఎవరి దగ్గరా నిలవని గున్న, నా ఒళ్లో తల పెట్టి కళ్లు మూసుకుని తాగేది. ఏం చెయ్యను, పాడు మనసు! ముద్దొచ్చాడు వెధవ.

తెల్ల ఏనుగంటే సున్నం కొట్టినట్టు ఉండదు. నీళ్లు పోస్తే ఒళ్లు ఎర్రబడాలి, అదే పరీక్ష. మామూలు ఏనుగైతే నల్లబడుతుంది. మొదట్లో చిన్నదొర ఎర్రబడేవాడు. ఎనిమిదో నెల దాటాక నల్లబడ్డాడు. సాల పెద్ద నాయ్ ఉన్ నూనెలో ఎర్రమన్ను కలిపి వాడి ఒంటికి పులమడం మొదలుపెట్టాడు.

"నోరు జారావో, ముందు నా తల తెగుతుంది, వెంటనే నీది" అన్నాడు నాతో.

"నీ గొడవ నాకెందుకయ్యా? దీపాల పండక్కి ఊరేగింపు అయ్యాక మమ్మల్ని వదిలేస్తారు కదా?"

"వదిలేస్తారు."

"అయితే నువ్వు పులుముకో, నేను చూడలేదు."

పండగ ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం పూట రాజు సాలకు వచ్చాడు. భటులు లేరు. నేను పాలిస్తున్నాను. లేవబోతే వద్దన్నాడు. గడ్డి మీదే కూలబడ్డాడు. దగ్గర్నుంచి చూస్తే బక్కమనిషి, కళ్ల కింద నలుపు.

"మంత్రులు తెల్లదే అంటారు. నాయ్ ఉన్ కూడా అదే అంటాడు. నాతో నిజం చెప్పేవాడు ఒక్కడూ లేడు. నువ్వు రోజూ దీన్ని ఒళ్లో పెట్టుకుంటావు. పండగనాడు ఊరంతా చెంబులతో నీళ్లు పోస్తారు. ఎర్రబడుతుందా?"

"ఎర్రబడకపోతే ఏం చేస్తారు, ఏలినవారు?"

"జబ్బు చేసిందని చెప్పి లోపలే ఉంచుతాను. వచ్చే ఏడు చూసుకుందాం. మీరు ఇంకో ఏడు ఉండాలి, అంతే. ఎవర్నీ ఏమీ అనను, ఒట్టు. నిజం చెప్పమ్మా."

ఇంకో ఏడు! మి చాన్‌కు పళ్లొచ్చాయని, గోడ పట్టుకుని నిలబడుతోందని ఊరివాళ్లు కబురు చెప్పారు. ఇంకో ఏడు పోతే నేనెవరో దానికేం తెలుస్తుంది? మా ఆయన్ని మింగిన కందకం అప్పుడు గుర్తుకొచ్చిందా అంటే, రాలేదు. పగతో చేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అది కాదు. నాకు నా బిడ్డ కావాలి.

"మంకెన పువ్వులా ఎర్రబడుతుంది ప్రభూ" అన్నాను.

ఆయన ఊపిరి వదిలి నవ్వాడు. "పండగ మర్నాడే ఇంటికి పో" అన్నాడు.

పండగనాడు చిన్నదొరకు పట్టు కప్పారు, బంగారు గొలుసులు వేశారు. రాజు పక్కనే నడిచాడు. ఆయన కోసం ఊరు తలుపులు తీయడం అదే మొదలు. ప్రతి వాకిట్లోనూ చెంబులతో నిలబడ్డారు. మొదట పోసిన నీళ్లు ఎర్రగా కారాయి. ఇంకో పది చెంబులు పడేసరికి ఎర్రమన్నంతా వీధిలోకి కొట్టుకుపోయింది. ఏనుగు నల్లగా నిగనిగలాడింది.

చేపలమ్మే ముసలమ్మ ఒకతె, "ఓరి నాయనో, దొరగారు గేదెను పెంచారర్రా!" అంది. పక్కావిడ కిసుక్కుమంది. ఇంకేముంది, వీధి వీధంతా పగలబడి నవ్వింది. ఈటెలు పట్టినవాళ్లు కూడా నవ్వారు. ఆకలికి తిరగబడని జనం ఆ నవ్వుతో తిరగబడ్డారు. ముందు చెంబులు పడ్డాయి, ఆ తర్వాత రాళ్లు.

రాజు వెనక్కి తిరిగి, ఏనుగు వెనక నడుస్తున్న మా ఆడవాళ్లలో నన్ను వెతుక్కున్నాడు. కోప్పడినా బావుండేది. అడిగాను కదమ్మా అన్నట్టు చూశాడు.

సాయంత్రానికి భటులే, గద్దె మీద కన్నేసిన ఆయన పినతండ్రికి కోట తలుపు తీశారు. రాజు రక్తం నేల మీద పడకూడదు కాబట్టి ఆయన్ని ఎర్రసంచిలో కట్టి నదిలో వేశారు. సంచి చాలాసేపు కదిలిందట.

చిన్నదొర గొలుసులు ఒలుచుకుని వాణ్ని వీధిలో వదిలేశారు. నేను మా ఊరి దారి పట్టాను. వెనకే వచ్చాడు. తిట్టాను, బెడ్డలు విసిరాను. అయినా రెండు రోజులూ నా వెంటే నడిచాడు.

వదిన వాకిట్లో ఉంది. చంకలో మి చాన్, బూరెబుగ్గలతో. చేతులు చాచాను. అది నన్ను ఎగాదిగా చూసి వదిన మెడలో మొహం దాచుకుంది. బలవంతంగా ఎత్తుకుంటే గుక్కపట్టి, "అమ్మా" అంటూ వదిన వైపు చేతులు చాచింది.

"కొత్త కదే, నాలుగు రోజులుంటే అలవాటవుతుంది. పాలిచ్చి చూడు" అంది వదిన కళ్లొత్తుకుంటూ.

ఇచ్చాను. పెదాలు బిగించి తల తిప్పేసింది. దీని కోసమే కదా ఒక మనిషిని సంచిలో కట్టించాను అని నేనూ బావురుమన్నాను.

కంచె అవతల చిన్నదొర ఆకలికి అరిచాడు. పిల్ల ఇంకా జడుసుకుంది.

"దాన్ని తోలెయ్యవే తల్లీ, పిల్ల భయపడుతోంది" అంది వదిన.

మి చాన్‌ను ఆవిడకిచ్చి బయటికి వెళ్లాను. కంచె పక్కన కూర్చుని వాడికి పాలిచ్చాను. లోపల పిల్ల ఏడుపు మానింది.