చూసినవారి గడి

జాడీ మూత దగ్గర పొద్దున్నే పేచీ వచ్చింది. ఫణిశ్రీ ప్రతి ఊరగాయ జాడీ మూతకీ ఒక చీటీ కడుతుంది. ఏ నెలలో పెట్టింది, కాయ ఎక్కడిది, కారం ఎవరు కొట్టించారు, అన్నీ అందులో ఉంటాయి. ఆమె మొగుడు గోపాలకృష్ణమూర్తి ఇడ్లీలోకి ఆవకాయ వేసుకుని, పక్కనున్న మాగాయ జాడీ మూత తీసి ఆవకాయ జాడీ మీద పెట్టేశాడు.

"మూత మూతే కదే. లోపలున్నది ఆవకాయో మాగాయో నాలిక్కి తెలీదా?"

"అది తెలుస్తుందండీ. ఏ ఏటిదో, ఏ ఊరి కాయో తెలీదు. రావులపాలెం కాయకి మన పెరటి కాయ చీటీ తగిలిస్తే, ఏది నిలవుందో వచ్చే ఏడు నాకెవరు చెబుతారు?"

"చీటీ చెబుతుంది."

"అబద్ధం చెబుతుంది."

అత్తగారు సీతారామలక్ష్మి వత్తులు చేసుకుంటూ, తల ఎత్తకుండానే "ఈ ఇంట్లో ఉప్పుక్కూడా సాక్షి కావాలి నాయనా" అంది. గోపాలకృష్ణమూర్తి నవ్వుకుంటూ ఇరిగేషన్ ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఫణిశ్రీకి ఈ పట్టుదల వంటింట్లోనే కాదు, కంప్యూటర్ ముందు కూర్చున్నా అంతే. ఆ కంప్యూటరు కూతురు హేమశ్రీ కోసం కొన్నది. పిల్ల ఇంజనీరింగని హాస్టల్‌కి వెళ్ళాక ముందుగదిలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. తణుకులో లెక్చరర్‌గా ఉన్న మరిది విష్ణు రెండేళ్ళ క్రితం, 2006లో, ఇంటర్నెట్‌లో ఒక సైటు పట్టుకుని వంశవృక్షం మొదలుపెట్టాడు. చుట్టాలెవరైనా అందులో పేర్లు చేర్చొచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు. ఎవరు దిద్దారో, ఎన్నింటికి దిద్దారో కింద పడుతుంది. ప్రతి విషయం కిందా 'మూలం' అని ఒక వరస ఉంటుంది. తగువంతా అక్కడే.

విష్ణు 'పట్టీ, 2003' అని రాసి ఊరుకుంటాడు. ఫణిశ్రీ దాన్ని చెరిపి చెప్పినవారు, బంధుత్వం, తేదీ, ఊరు అని గడులు చేసి నింపుతుంది. చివర 'చూసినవారు' అని మరో గడి. విష్ణు మర్నాడు అదంతా తీసేసి మళ్ళీ 'పట్టీ, 2003' అంటాడు. ఆమె మళ్ళీ పెడుతుంది. నెల్లాళ్ళుగా ఇదే వరస.

"వదినగారూ, ఇది వంశవృక్షమా, కోర్టు కాగితమా?" అని ఫోన్ చేశాడొకసారి. "ముత్తాతగారి పెళ్ళికి చూసినవారు ఎవరంటే నేనెక్కణ్ణుంచి తేను?"

"లేరని రాయి విష్ణూ. ఖాళీగా మాత్రం వదలకు."

పట్టీ అంటే పోయినవాళ్ళ పేర్ల జాబితా. మహాలయ పక్షాల్లో ఆ ఇంట్లో పేరుపేరునా పిండం పెడతారు. పన్నెండేళ్ళకోసారి గోదావరి పుష్కరాలు వచ్చినప్పుడు, పాత కాగితం నలిగిపోయిందని కొత్తదాని మీదికి ఎత్తి రాస్తారు. ఈమధ్య కాలంలో పోయినవాళ్ళకి విడిగా పెడతారు, ఈ పట్టీలో మాత్రం మొదట్నుంచీ అవే తొమ్మిది పేర్లు. తొమ్మిదోది శ్యామలాంబ. గోపాలకృష్ణమూర్తికి మేనత్త. పెళ్ళి కాకుండానే, ఇరవయ్యో ఏట, 1966లో గోదాట్లో పోయిందని ఇంట్లో అందరూ చెప్పేమాట.

ఆ ఏడు మహాలయం ఇంకా పదిరోజులుందనగా ఫణిశ్రీ శ్యామలాంబ పేజీ తెరిచింది. మరణం కింద విష్ణు రాసింది దిద్ది, '2003 పట్టీ. రాసినవారు: గోపాలకృష్ణమూర్తి, మేనల్లుడు' అని పెట్టింది. మర్నాడు చూస్తే దాని పక్కన ఒక ముక్క చేరింది: '1991 పట్టీ చూసి రాసినది.'

విష్ణుకి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందా అని ఫోన్ చేసింది.

"నేను కాదు వదినగారూ. నాకంత ఓపికుంటే మీతో తగువెందుకు?"

దిద్దినవారి పేరు దగ్గర 'అతిథి' అని మాత్రమే ఉంది. సమయం మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. తాముండే కొవ్వూర్లో పన్నెండు నుంచి రెండు దాకా కరెంటు ఉండదు. ఇంకే ఊళ్ళోనో కూర్చుని ఎవరో రాశారనుకుంది. నిజానికి ఆమెకి ముచ్చటేసింది. మూలం ఎలా రాయాలో తెలిసినవాళ్ళు ఈ చుట్టాల్లో ఒకరున్నారన్నమాట.

బీరువా తీసి పసుపు గుడ్డలోని పట్టీలు చూసింది. నిజమే. 1991 నాటి మావగారి రాతలో ఆరో పేరుకీ ఏడో పేరుకీ మధ్య ఒక గీత ఖాళీ ఉంది. ఆ ఖాళీ గీతతో సహా 2003లో ఎత్తి రాశాడు మహానుభావుడు మొగుడు.

మర్నాడు: '1991 పట్టీ, 1979 పట్టీ చూసి రాసినది.' ఆ మర్నాడు: '1979 పట్టీ, 1967 పట్టీ చూసి రాసినది.' రెండుసార్లూ పన్నెండూ ఇరవైకే. రెండుసార్లూ ఆమె బీరువా తీసి చూసింది, రెండూ నిజమే. ఆ కాగితాలు గుమ్మం దాటి ఎన్నడూ వెళ్ళలేదు. బీరువా తాళంచెవి సీతారామలక్ష్మి మొలలో ఉంటుంది. అడిగి తీసుకోవాల్సిందే.

నాలుగోరోజు వచ్చింది ఒకే వరస. '1967 పట్టీ. చూసినవారు: లేరు.'

1967 కాగితం వేళ్ళకి పొట్టు రాలుతోంది. ఎనిమిది పేర్లు మావగారి తండ్రి లావుపాటి అక్షరాల్లో, నల్లసిరాతో ఉన్నాయి. అట్టడుగున తొమ్మిదోది నీలంసిరాతో, సన్నగా, పక్కకి ఒరిగి ఉంది. అది ఆయన చెయ్యి కాదు.

ఆ మధ్యాహ్నం కరెంటు రాగానే ఫణిశ్రీ పేజీ కింద రాసింది: 'మీరెవరు? బంధుత్వం రాయండి. ఇక్కడ అందరికీ ఒకటే పద్ధతి.'

మర్నాటికి జవాబు ఆమె గడుల్లోనే, ఆమె వరసలోనే వచ్చింది.

'చెప్పినవారు: శ్యామలాంబ. బంధుత్వం: మీరు ఏటా పిండం వండుతున్న మనిషి. తేదీ: ఇవాళ. ఊరు: రాజమండ్రి. చూసినవారు: అడుగు వరస రాసినావిడ.'

ఎవరో తెలియక గడి మార్చి నింపారు, అంతే, అనుకుంది. పేజీ ఎవరిదో వాళ్ళ పేరే చెప్పినవారి గడిలో రాయకూడదు. చెరిపేసింది. కుర్చీలోంచి లేవకముందే మళ్ళీ వచ్చింది. ఒక్క అక్షరం తేడా లేదు. ఇంకోసారి చెరిపింది. మళ్ళీ వచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు, ఫణిశ్రీ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. మూడోసారి చెరపలేదు.

1967 కాగితం పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. సీతారామలక్ష్మి నీడలో పీట వేసుకుని బీరకాయలు తరుగుతోంది.

"అత్తయ్యగారూ, ఈ అడుగు వరస ఎవరు రాశారండీ?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకోలేదు. కాగితం వైపు ఒక్కసారి చూసి కత్తిపీట మడిచింది.

"నేనే."

అడక్కుండానే చెప్పింది. "లాంచీ రేవు దాకా దాంతో వెళ్ళింది నేనే. అప్పటికి రోడ్డు బ్రిడ్జీ లేదుగా. ఆసుపత్రి కాంపౌండరు ఏసుపాదం అవతల రేవులో కాచుకుని ఉంటాడంది. కుచ్చిళ్ళు తడుస్తాయని ఎత్తి పట్టుకుని మరీ ఎక్కింది. చావబోయేవాళ్ళు చీర తడుస్తుందని చూసుకుంటారా ఫణీ?"

"మరి గోదాట్లో పోయిందని…"

"మా మావగారు అన్నారు. ఊరంతా అదే చెప్పారు. ఏడాది తిరిగేసరికి పుష్కరాలు. ఎనిమిది పేర్లు రాశాక ఆయన చెయ్యి ఆడలేదు. 'నువ్వు రాయమ్మా' అని కలం నాకిచ్చారు. నాకప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రాశాను."

"తర్వాత ఉత్తరమేమైనా?"

"కాగితం ముక్క రాలేదు. నేను రాసినట్టు మీ మావగారిక్కూడా చెప్పలేదు."

"మరి కంప్యూటర్లో శ్యామలాంబ పేరుతో రాస్తున్నవాళ్ళకి ఎలా తెలిసిందండీ?"

సీతారామలక్ష్మి ఆ ప్రశ్న వినలేదో, వినదలుచుకోలేదో. "అదేనా రాస్తున్నది?" అంది.

"తెలీదండీ. రాసేవాళ్ళ మొహం కనపడదు."

"బతికుందా?"

"అదీ తెలీదు."

బీరకాయ తొక్కు పళ్ళెంలో ముడుచుకుపోతోంది. ఫణిశ్రీ కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళు. ఏటా తలస్నానం చేసి, మడి కట్టుకుని, తొమ్మిది పిండాలకి బియ్యం తనే కొలిచి వండింది. బతికున్న మనిషికి చచ్చినవాళ్ళ కూడు పెట్టిందా? ఆ మనిషి ఎక్కడో అన్నం తింటూ ఉండగా, ఇక్కడ తన చేత్తో? లేదూ, నిజంగానే పోయి ఉంటే, ఈ నలభయ్యేళ్ళుగా ఆ ఒక్క ముద్దే ఆధారమైతే? రెండింటిలో ఏది నిజమో గురువారం మహాలయానికి పొయ్యి వెలిగించేలోపు తేలాలి. విష్ణుకి ఫోన్ చేస్తే, అతిథి ఎవరో సైటు వాళ్ళు చెప్పరన్నాడు. రాజమండ్రిలో ఉన్న ఇద్దరు చుట్టాలకీ చేసింది. శ్యామలాంబ అన్న పేరే వాళ్ళెన్నడూ వినలేదు.

ఆదివారం ముగ్గురూ వరసగా కూర్చుని భోంచేస్తున్నారు. బీరకాయ పచ్చడి, ముద్దపప్పు. ఫణిశ్రీ నెయ్యి వడ్డించి, తన కంచం ముందు కూర్చుంది.

"ఏమండీ, గురువారం ఎనిమిది పిండాలే వండుతాను."

"అన్నం ముందు ఆ మాటలేంటే?" అన్నాడు గోపాలకృష్ణమూర్తి, ముద్ద పట్టుకుని. "ఎనిమిదేంటి? పట్టీలో తొమ్మిది."

ఆమె చెప్పింది. పట్టీ నుంచి పట్టీకి, కాగితం నుంచి కాగితానికి ఎలా దిగి వచ్చిందో, చివరి కాగితం దగ్గర చూసినవారు ఎలా లేకుండా పోయారో. లాంచీ సంగతి అత్తగారి వైపు చూసి ఆగిపోతే, ఆవిడే చెప్పింది.

గోపాలకృష్ణమూర్తి ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఇంత కాలం…" అని, గొంతు తగ్గించి, "సరే అమ్మా. కానీ నిజంగా పోయుంటే? మనం మానేస్తే ఆవిడ ఆకలితో…"

"చావు చూసినవాళ్ళు ఒక్కరూ లేరండీ," అంది ఫణిశ్రీ. "బతికుండగా చూసినావిడ మీ పక్కన కూర్చుంది. ఈ మూలంతో నేను వండను. అంతే."

అతను తల్లి వైపు చూశాడు. సీతారామలక్ష్మి పచ్చడి అన్నంలో నిదానంగా కలుపుకుంది.

"ఆ పేరు చదవద్దురా గోపాలం. రాసినదాన్ని నేను, కొట్టేసేదీ నేనే. ఆకలేస్తే ఇంటికి రమ్మను. గురువారం వీధి తలుపు గడియ వెయ్యకండి, ఎవరూ."