అయిదువేల మైళ్ల లోపు

మూడువందల గుర్రాల బలమున్న కారును ఆరుగురు ముసలివాళ్లు చేతులతో తోసే వింత చూడాలంటే నెలలో రెండో శనివారం పొద్దున మా వీధికి రావాలి. షెడ్డు నుంచి వాకిలి చివరిదాకా అరవై అడుగులు. అక్కడ కడిగి, తుడిచి, మైనం పూసి, మళ్లీ అరవై అడుగులు వెనక్కి. కారు వెండెల్‌ది. నడుములు మావి.

నాకు అలాంటి కారు లేదు. మా ఊరి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. నాలుగేళ్ల కిందట మా ఇనెజ్ పోయాక, పక్కింటి వెండెల్ స్ట్రూబెల్ ఓ శనివారం తలుపు కొట్టి, "మాస్టారూ, మీ భుజాలు ఖాళీగా ఉన్నాయా?" అని అడిగాడు. పరామర్శకు వచ్చినవాళ్లు చెప్పిన మాటలన్నిటికన్నా ఆ ప్రశ్నే నాకు ఎక్కువ మేలు చేసింది. అప్పటినుంచి తోస్తున్నాను. తోయడం అయ్యాక వెండెల్ భార్య ఆర్లీన్ పొడుగాటి గ్లాసుల్లో నిమ్మరసం తెస్తుంది. నా గ్లాసులో చక్కెర తక్కువ వేస్తుంది. నేను చెప్పలేదు, తనే గమనించింది.

కారు ఎనభై ఏడు నాటి మార్లో వాల్కన్. మా ఊళ్లోనే తయారైంది. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. పైకి చూస్తే సంసారపక్షం బండి, బానెట్ ఎత్తితే మల్లయోధుడు. తొంభై నాలుగులో టొలీడోలో ఒక మందుల షాపాయన పోతే, వాళ్ల పిల్లల దగ్గర వెండెల్ దాన్ని కొన్నాడు. రెండు తలుపుల కారైతే ఇంట్లో యుద్ధమే అయ్యేది. అందుకని ఆర్లీన్‌ను వాకిట్లోకి పిలిచి, "చూడు, నాలుగు తలుపులు! ఫ్యామిలీ కారు!" అన్నాడట. ఆనాటినుంచి ఆ వెనక తలుపులు బందులకు నూనె వేయడానికి తప్ప తెరుచుకోలేదు. ఫ్యామిలీ వేరే కారులో తిరిగింది.

కొన్ననాడు మీటరు మీద 4,991 మైళ్లు ఉన్నాయి. ఆ అంకె చూసిన క్షణంలోనే వెండెల్ చెడిపోయాడు. వాల్కన్ క్లబ్బువాళ్ల దగ్గర ఒక ఇత్తడి ఫలకం ఉంది. ముప్పై ఏళ్లు నిండి, అయిదువేల మైళ్ల లోపే తిరిగిన కారు ఆపైన ఏడేళ్లు వరసగా పరీక్షకు నిలబడితే ఇస్తారు. ఇక ఆ కారు నడవకూడదు. నడవదు కాబట్టి చెడిపోకూడదు. చెడిపోకుండా ఉండాలంటే సేవ చేయాలి. ఏ పనీ చేయని ఇంజన్‌కు ఏటా ఆయిల్ మార్చేవాడు. రోడ్డు ముఖం చూడకుండానే ముసలివైపోయిన టైర్లు తీసేసి కొత్తవి వేసేవాడు. వారానికి పది నిమిషాలు నిలబెట్టి ఇంజన్ ఆడించేవాడు. గుర్రాన్ని గాటనే కట్టేసి, గడ్డి వేసి, నాడాలు మార్చి, ఇదిగో మా ఇంటి పందెపు గుర్రం అన్నట్టు ఉండేది. ఎండకు వెలిసిపోకుండా మీటరుతో సహా డాష్‌బోర్డంతా నీలం వెల్వెట్ గుడ్డ కప్పి ఉంచేవాడు. ఆ గుడ్డ ఏడాదికి ఒక్కసారి, పరీక్ష రోజునే తీసేవాడు.

ముప్పై ఏళ్లలో మీటరు మాత్రం 4,999కి చేరింది. ఎలా చేరిందన్న దాని మీద క్లబ్బులో చాలా చర్చ జరిగింది. ట్రైలర్ మీద కుదుపుల వల్ల అని అధ్యక్షుడు డ్వైట్ తేల్చాడు. డ్వైట్ పళ్ల డాక్టరు. క్లబ్బులో మిగిలినవాళ్లు ఇన్సూరెన్సు వాళ్లు, చర్చిలో ఆర్గన్ వాయించే ఆర్గనిస్టు ఒకాయన, నేను. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు. కార్లు చేసినవాళ్లకు కార్లంటే అంత భక్తి ఉండదు.

ఆ మాటకొస్తే ఒకరున్నారు, మెంబరు కాదు. ఆర్లీన్ మార్లో ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు డాష్‌బోర్డులు బిగించింది. మేం తోస్తున్నప్పుడు స్టీరింగు పట్టుకునేది ఆవిడే. బరువు తక్కువని వెండెల్ ఆవిడను కూర్చోబెట్టేవాడు. అలా ముప్పై ఏళ్లు ఇంజన్ ఆపేసిన కారులో ఆవిడ నూట ఇరవై అడుగుల ప్రయాణాలు చేసింది.

జూన్‌లో ఒక శనివారం నిమ్మరసం ఇస్తూ ఆవిడ అంది, "కళ్ల డాక్టరు ఈసారి సంతకం పెట్టనన్నాడు."

"దేనికి?" అన్నాడు వెండెల్, చక్రం తుడుస్తూ.

"దేనికేంటయ్యా, లైసెన్సుకి. ఆగస్టు తొమ్మిదితో నాది అయిపోతుంది. ఇక పొడిగించరు. పగటిపూట ఇప్పటికి బానే కనిపిస్తోంది. ఆ తర్వాత నువ్వు తిప్పితేనే తిరగాలి."

"అయ్యో. తిప్పుతాలే."

"తిప్పించుకోడానికి కాదు. నేను బిగించిన డాష్‌బోర్డు ముందు కూర్చుని ఒక్కసారి నడపాలి. ఇంజన్‌తో. నువ్వు మాటిచ్చి ముప్పై ఏళ్లయింది."

"ఇంకెన్నాళ్లు! ఇది ఏడో ఏడు. జూలైలో ఫలకం చేతికి రాగానే నీదే తాళం. ఇంకా ఒక మైలు మిగిలుంది ఆర్లీన్. ఆ ఒక్క మైలుతో నేను స్వర్గానికి కూడా పోగలను."

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ వెండెల్, ఒక రూలుంది. ఫలకం వచ్చాక కూడా అయిదువేలు దాటకూడదు. దాటితే ఫలకం వెనక్కి పంపేయాలి."

"ఎప్పటిదాకా?" అంది ఆర్లీన్.

"ఎప్పటిదాకా అని రాయలేదమ్మా. ఎప్పటికీ అనేగా."

వెండెల్ ఇంకా గట్టిగా చక్రం తుడిచాడు. ఆర్లీన్ మా ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది. నా గ్లాసు ఖాళీ కాలేదు, అయినా తీసుకుపోయింది.

ఇనెజ్‌కు సుపీరియర్ సరస్సు చూడాలని ఉండేది. స్కూలు సెలవులివ్వగానే పోదామనేవాణ్ణి. స్కూలు ఏటా సెలవులిచ్చింది. ఆ సంగతి ఆ రోజు వెండెల్‌కు చెప్పాలనుకున్నాను. కానీ చక్రం తుడిచేవాడికి చెప్పే మాట కాదది.

జూలై మూడో శనివారం జిల్లా సంత మైదానంలో ప్రదర్శన. కారును డ్వైట్ ట్రైలర్ మీద తీసుకెళ్లి, దించి, యథాప్రకారం తోశాం. మాకు పద్నాలుగో నంబరు చోటు ఇచ్చారు. వేయించిన మొక్కజొన్న వాసన, పందుల పోటీ దగ్గర మైకు గోల, మిట్టమధ్యాహ్నపు ఎండ. చోటులో నిలపబోతుంటే ఆర్లీన్ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"వెండెల్, ఇక్కడ ఎండ సూటిగా డాష్‌బోర్డు మీద పడుతోంది. గుడ్డ ఉన్నా వేడి వేడేగా?"

వెండెల్ తోయడం ఆపేశాడు. "మరి ఎక్కడ పెడదాం?"

"అదుగో, అవతల మేపుల్ చెట్టు కింద. గడ్డిలోంచి అడ్డంగా వద్దు, అడుగున గీతలు పడతాయి. గుర్రప్పందేల బాట మీంచి చుట్టూ తిప్పండి."

అది పావు మైలు బాట. తోశాం. ఆర్గనిస్టు మధ్యలో రెండుసార్లు దేవుణ్ణి తలిచాడు. చుట్టూ నూట పాతిక కార్లు వాటంతటవే నడుస్తుంటే మేం ఒక్కళ్లమే దాన్ని పాడెలా మోస్తున్నట్టుంది. మొక్కజొన్న తింటున్న ఒకాయన, "పెట్రోల్ అయిపోయిందా పెద్దాయనా?" అని అడిగాడు. "లేదు, నిండుగా ఉంది," అన్నాడు వెండెల్ గర్వంగా.

నేను డ్రైవరు తలుపు పక్కన, కిటికీ అంచు పట్టుకుని తోస్తున్నాను. చెట్టు దగ్గరికి రాబోతుండగా ఆర్లీన్ రెండు వేళ్లతో వెల్వెట్ గుడ్డ అంచు ఎత్తి కిందికి చూడడం నా కంటపడింది. చూసి, గుడ్డ దించి, చెట్టు కొమ్మల వంక తలెత్తింది.

"అమ్మో, పైన పావురాలున్నాయి వెండెల్! రెట్ట వేస్తే పెయింటు పోయినట్టే. ఇంకో చుట్టు వేసి ఆ ఐస్‌క్రీం టెంటు నీడకి పోదాం."

కొమ్మల మీద ఒక్క పావురం లేదు.

ముప్పై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పినవాడికి ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఈ పాత కార్లలో మీటరు కేబుల్ గేర్‌బాక్సు వెనక నుంచి వస్తుంది. దాన్ని తిప్పేవి చక్రాలు. చక్రాలను ఇంజన్ తిప్పిందా, ముసలివాళ్లు తిప్పారా అన్నది కేబుల్ అడగదు. వెనక్కి తోసినా మార్లో మీటరు ముందుకే లెక్కేస్తుంది. అరవై అడుగులు పోను, అరవై రాను, నెలకోసారి, ముప్పై ఏళ్లు. మనసులోనే లెక్కేస్తే ఎనిమిది మైళ్లు తేలింది.

ఆర్లీన్ నా వంక చూసింది. నేను చూసిన సంగతి ఆవిడకు తెలిసింది. కళ్లద్దాల వెనక కళ్లు కొంచెం తడిగా ఉన్నాయి.

"పావురాలంటే కష్టమే," అన్నాను నేను. "తోయండి, తోయండి. ఇంకో చుట్టు ఎంతసేపు!"

"మాస్టారూ, మీకేం పోయే కాలం?" అన్నాడు డ్వైట్ రొప్పుతూ.

"ఆరోగ్యానికి మంచిది," అన్నాను. నా జన్మలో అంత గట్టిగా దేన్నీ తోయలేదు.

పరీక్షాధికారి ప్రూయిట్ ఇండియానా నుంచి వచ్చాడు. తెల్ల చేతిగ్లౌజులు, చిన్న టార్చిలైటు. ఇంజన్ చూశాడు, అడుగు చూశాడు, వెనక తలుపులు తెరిచి, "ఇవి ఎప్పుడైనా వాడారా?" అన్నాడు. "ఒట్టు, ఎప్పుడూ లేదండీ," అన్నాడు వెండెల్. ఆయన మెచ్చుకుంటూ తలూపి, చివర్లో వెల్వెట్ గుడ్డ తీశాడు. చాలాసేపు టార్చి వేసి చూశాడు.

"స్ట్రూబెల్ గారూ, 5,000 చూపిస్తోంది."

"ఉండదండీ. 4,999."

"మీరే చూడండి. నాలుగు అంకెలూ ఇప్పుడే తిరిగినట్టున్నాయి. లోపు అంటే లోపే. నన్నేం చేయమంటారు?"

"నేను ఇంజన్‌తో ఒక్క అడుగు కూడా నడపలేదు కదండీ!" వెండెల్ మా వైపు తిరిగాడు. "ఆర్లీన్, చెప్పు! మాస్టారూ, చెప్పండి! చేతులతో తోశాం!"

"చేతులతో తోసినా చక్రాలు తిరుగుతాయి కదయ్యా," అంది ఆర్లీన్ మెల్లగా. "చక్రాలు తిరిగితే మీటరు తిరుగుతుంది. ఆ కేబుల్ నేనే తగిలించేదాన్ని, రోజుకు రెండువందల కార్లకి."

డ్వైట్ అక్కడే గడ్డిలో చతికిలపడ్డాడు. "అంటే... ముప్పై ఏళ్లుగా మనం ఈ కారుని ఎనిమిది మైళ్లు తోశామా?"

"నీకు ముందే తెలుసా?" అన్నాడు వెండెల్ ఆర్లీన్‌తో.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు కార్ల గురించి నన్నెప్పుడైనా ఏమైనా అడిగావా? పెయింటు నంబరు పళ్ల డాక్టర్ని అడిగావు, ఆయిల్ సంగతి చర్చిలో వాయించేవాణ్ణి అడిగావు. పైగా డాక్టరు నిన్ను వ్యాయామం చేయమన్నాడు. ఇదొక్కటే కదా చేస్తున్నావని ఊరుకున్నా."

"ఇవాళ ఆ రెండు చుట్లు?"

ఆర్లీన్ తల దించుకోలేదు. "అవి నా కోసం. పందొమ్మిది రోజులే ఉన్నాయి వెండెల్. నేనేం చేయను?"

వెండెల్ మడత కుర్చీలో కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ముప్పై ఏళ్ల కాయలు. నాకు అతన్ని చూస్తే జాలేసింది. సంగతి తెలిసే తోసినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పేస్తే బాగుండుననిపించింది. ఆర్లీన్ నిమ్మరసం తెచ్చి అతని చేతికిచ్చి, పక్కనే నిలబడింది. సగం తాగాక అతను జేబులోంచి తాళం తీశాడు.

"బ్రేకులు గట్టిగా ఉంటాయి. చూసుకో," అన్నాడు.

నేను జారుకోబోతుంటే ఆర్లీన్ వెనక తలుపు తీసి పట్టుకుంది. "మాస్టారూ, మీరూ ఎక్కండి. ఫ్యామిలీ కారు."

ఇంజన్ మోగితే మైదానమంతా తలలు తిప్పింది. పందుల పోటీ మైకు కూడా ఒక క్షణం ఆగింది. గేటు దాటి, జిల్లా రోడ్డెక్కి, మొక్కజొన్న చేల మధ్య తిన్నని దారి దొరకగానే ఆర్లీన్ కాలు నొక్కింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. ముందు సీట్లో వెండెల్ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ కారు నూటపదిలో పాలమీద మీగడలా పోతుందని అందరికీ చెప్పినవాడు, యాభై దగ్గర కళ్లు మూసుకున్నాడు.

అరవై దగ్గర ఎక్కడో టకటకమని చప్పుడు మొదలైంది.

"ఏంటది? ఏంటా చప్పుడు? ఆపు, ఆపు!"

"మీటరు వెనక క్లిప్పు," అంది ఆర్లీన్. "సరిగ్గా పడలేదు. శుక్రవారం సాయంత్రం చేసుంటా."

"నువ్వా? మన కారుది నువ్వే చేశావా?"

"ఏమో. ఆ వరసలో ముగ్గురం ఉండేవాళ్లం. కానీ ఇంత అడ్డదిడ్డంగా పెట్టేది నేనొక్కదాన్నే."

వెండెల్ చెవి డాష్‌బోర్డుకు ఆనించి విన్నాడు. పరీక్షకొచ్చినవాళ్లెవరూ ఏడేళ్లుగా పట్టుకోని లోపం అది. దాన్ని వినాలంటే కారు నడవాలి. అతను నవ్వడం మొదలుపెట్టాడు. ముందు గొంతులో, తర్వాత భుజాలతో.

పది మైళ్లు పోయాక తేరుకుని కూర్చున్నాడు. "క్లబ్బులో ఇంకో ఫలకం ఉందే ఆర్లీన్. లక్ష మైళ్లు దాటిన కారుకి. ఇంకా తొంభై అయిదువేలే. రోజుకి అయిదువేలు చొప్పున నీ లైసెన్సు అయ్యేలోపు..."

"నోరు మూసుకుని కిటికీ దించు, గాలి రానీ," అందావిడ.

నాలుగురోడ్ల కూడలి దగ్గర వేగం తగ్గించి, అద్దంలో నా వంక చూసింది. "ఎడమకి తిరిగితే మన వీధి. మిమ్మల్ని దింపేయమంటారా మాస్టారూ?"

ఇంట్లో నాకోసం ఎదురుచూసే పనేదీ లేదన్నాను. ఆవిడ తిన్నగా పోనిచ్చింది.