కూతవేటు దూరం

పొద్దున పట్టుపురుగులకు మేత వేసి, చేతులు కడుక్కొని, మునివెంకటమ్మ ఇంటి వెనకాల ఉన్న బండ ఎక్కేది. టేకల్‌లో బండలకు కొదవేమీ లేదు. కానీ ఆ బండ మీద నిలబడి ఆమె పిలిస్తే, పిలిచిన మనిషి ఎంత దూరంలో ఉంటే గొంతు అంత దూరం పోయేది. గట్టిగా అరవడమేమీ ఉండదు. పక్కింటావిడతో మాట్లాడే గొంతుతోనే మొగుణ్ణి, కొడుకు పేరు పెట్టి, "ఓ కేశవ నాయనా, వచ్చేటప్పుడు సున్నం తీసుకురా" అనేది.

కోలారు పట్టుగూళ్ళ మార్కెట్‌లో వేలం పాడేవాళ్ళు కాసేపు ఆగేవారు. "ఓబలప్పా, ఇంట్లో పిలస్తా ఉండారు. సున్నమంట" అని ఎవరో ఒకరు చెప్పి మళ్ళీ పాట అందుకొనేవారు. ఆమె మొగుడు ఓబలప్ప సరేనని తలూపేవాడు. తిరిగి జవాబు చెప్పే గొంతు ఆయనకు లేదు, ముప్పై ఏళ్ళుగా ఆ లోటు ఆయనకు హాయిగానే ఉంది.

ఊళ్ళో వాళ్ళు కూడా అవసరమైతే వచ్చి పిలిపించుకొనేవారు. మేకలు తప్పిపోయినా, బళ్ళోంచి పిల్లలు ఇల్లు చేరకపోయినా బండ దగ్గరికే రావడం. ఒక్క నియమం మాత్రం ఉంది. పురుగులు మేత మానేసి, తలెత్తి కదలకుండా ఉండే రోజుల్ని అక్కడ జ్వరం అంటారు. ఇంట్లో పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు మునివెంకటమ్మ ఎవర్నీ పిలవదు. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో గిన్నెలు కూడా మెల్లగానే కడుగుతారు.

ఆమె కోడలు నయన వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో బండ్ల లైట్లకు వైర్లు అతికే పని చేసేది. కొడుకు కేశవ బోరుబావుల లారీతో నెలల తరబడి ఎక్కడెక్కడో తిరుగుతూ ఉంటాడు. నయన తెల్లవారకముందే బయల్దేరి మూడు బస్సులు మారేది. మళ్ళీ మూడు బస్సులు మారి ఇల్లు చేరేసరికి రెండున్నరేళ్ళ కూతురు అర్పిత నిద్రపోయి ఉండేది. బిడ్డ కళ్ళు ఏ రంగులో ఉంటాయో ఆదివారం ఆదివారం చూసి గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది నయనకు. ఆలస్యంగా వస్తోందని ఫ్యాక్టరీలో రెండుసార్లు హెచ్చరించారు. ఇంకోసారి అయితే పని పోతుంది, లేదంటే వేమగల్‌లోనే హాస్టల్‌లో ఉండాలి. హాస్టల్ కాగితం కూడా ఇచ్చి, నెలాఖరులోగా సంతకం పెట్టి తెమ్మన్నారు.

అప్పుడే కొత్త రైలు మార్గం పూర్తయింది. రాబర్ట్‌సన్‌పేటలో బయల్దేరి టేకల్, కోలారు మీదుగా వేమగల్ దాకా పోయే పట్నంలో తిరిగే మెట్రో లాంటి మూడు డబ్బాల రైలు. టేకల్ స్టేషన్ సరిగ్గా మునివెంకటమ్మ బండ పక్కనే కట్టారు. వేమగల్‌కు యాభై నిమిషాలేనని చెప్పగానే నయన వేళ్ళు ముడుస్తూ లెక్క వేసుకుంది. ఐదింటికి షిఫ్ట్ అయితే ఆరింటికి ఇంట్లో ఉండొచ్చు. ఇక మిగిలిందల్లా ఛార్జీ.

ఆ ఛార్జీల పట్టిక తెలుగులోకి, కన్నడంలోకి దించే పని చందన్ అనే గుమస్తాకు పడింది. వాడు టేకల్ పక్క ఊరివాడే. ఇంగ్లీషు పట్టికలో మొదటి వరస దగ్గరి స్టేషన్లకు కనీస ఛార్జీ పది రూపాయలని ఉంది. 'దగ్గర' అనే మాట చందన్‌కు మరీ చప్పగా, సర్కారు హోదాకు తగనట్టుగా తోచింది. పూటంతా ఆలోచించి 'కూతవేటు దూరంలో ఉన్న స్టేషన్లకు' అని రాశాడు. రాబర్ట్‌సన్‌పేటలో పెద్దలందర్నీ కూర్చోబెట్టి చదివి వినిపిస్తే, ధాన్యం వ్యాపారి వెంకటేశయ్య కళ్ళు మూసుకొని విని, "మాట బాగుండాది, విన్నట్టే ఉండాది" అన్నాడు. సంతకాలయ్యాయి, ముద్రలు పడ్డాయి. అన్ని స్టేషన్లలో బోర్డులు రాశారు.

రైలు మొదలయ్యేది సోమవారం. ఆదివారం సాయంత్రం నయన బిడ్డను చంకనేసుకొని అత్తతో కలిసి స్టేషన్‌కు పోయి బోర్డు చదివింది. ఆమె గొంతు చదువుతూనే నీరసించింది.

"కూతవేటు దూరంలో ఉంటే పది రూపాయలంట, అత్తా. దాన్ని దాటితే స్టేషన్‌కింత అని ఎక్కువైతా పోతాది. వేమగల్‌కు డెబ్బై. రానూ పోనూ నాకు వచ్చే దాంట్లో సగం దీనికే పోతాది." ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "హాస్టల్ కాగితం మీద సంతకం పెట్టేస్తాను. ఇంగ ఏం చేసేది?"

మునివెంకటమ్మకు చదువు రాదు. విన్నమాటే మరోసారి మనసులో తిప్పుకొని అడిగింది. "వేమగల్ కూతవేటే కదమ్మా. దానికి డెబ్బై ఎందుకు?"

బోర్డుకు చివరి మేకు కొడుతున్న చందన్ చేతిలోంచి సుత్తి జారింది. చిన్నప్పుడు చెరుకు తోటల్లో ఎక్కడ దాక్కున్నా ఈమె గొంతే వాణ్ణి ఇంటికి లాక్కొచ్చేది. ఆమె అన్నది అక్షరాలా నిజమని వాడికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పక్కనే ఉన్న ఛార్జీల అధికారి పురుషోత్తమ్ వాడివైపు చూశాడు. ఆయన బెంగళూరు మనిషి. కాగితం మీద రాసింది తనకే నష్టమైనా సరే పాటించే రకం.

"కూతవేటు అంటే ఎన్ని కిలోమీటర్లు అని రాసినావు?"

"రాయలేదు, సార్. అందరికీ తెలిసిందే కదా అని."

పురుషోత్తమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బోర్డులన్నీ మార్చాలంటే మళ్ళీ రాబర్ట్‌సన్‌పేటలో పెద్దలు కూర్చోవాలి, మళ్ళీ సంతకాలు కావాలి. "అయితే కొలవాల్సిందే. రేపు ఐదున్నరకు నేను వేమగల్ ప్లాట్‌ఫారం మీద ఉంటా. అమ్మా, మీరు ఇక్కడినుంచి మూడుసార్లు పిలవండి. వినబడితే పది, లేదంటే డెబ్బై. ఆమె పేరే పిలవండి" అని నయనను చూపించాడు.

మునివెంకటమ్మ మొహం చిన్నబోయింది. ఇంట్లో పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. అయినా కోడలి మొహం చూసి సరేనంది.

సోమవారం సాయంత్రం వేమగల్ ప్లాట్‌ఫారం మీద ఎండ పసుపు నీళ్ళు చల్లినట్టు పరుచుకొని ఉంది. షిఫ్ట్ దిగిన ఆడవాళ్ళు గుంపులుగా నిలబడి కొత్త రైలును తాకి చూస్తున్నారు. పురుషోత్తమ్ రిజిస్టరు తెరిచి పట్టుకున్నాడు. నయన ఆయన పక్కన నిలబడింది. ఆమె సంచిలో ఖాళీ టిఫిన్ డబ్బా, దాని కింద సంతకం పెట్టాల్సిన హాస్టల్ కాగితం ఉన్నాయి. నెలాఖరు ఆ రోజే, ఆరులోగా ఇవ్వకపోతే హాస్టల్‌లో మంచం వేరేవాళ్ళకు పోతుంది.

ఐదున్నర అయింది. ఏమీ వినబడలేదు.

కోలారు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "నయనా అని ఇక్కడ వినబడింది సార్. మీ దగ్గరికి వచ్చిందా?" రాలేదన్నాడు పురుషోత్తమ్. రిజిస్టరులో ఒకటో అంకె పక్కన కోలారు అని రాశాడు. రెండో పిలుపు కోలారు దాకా కూడా పోలేదు. పాపం నయన పట్టాల వైపు కాక ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత మెల్లగా సంచిలో చెయ్యి పెట్టి కాగితం బయటికి తీసింది. సంతకానికి ఆమె కలం వెతుక్కోవడం పురుషోత్తమ్‌కు కనబడింది. ఆయనకు ఆ క్షణాన తన ఉద్యోగం మీద చాలా కోపం వచ్చింది.

టేకల్‌లో మునివెంకటమ్మ బండ మీద కూలబడింది. "రాలేదప్పా గొంతు" అంది చందన్‌తో. "పిలస్తా ఉండానే గానీ, పురుగులు అదిరిపోతాయేమోనని సగం మనసు ఇంట్లోనే ఉండాది. సగం మనసుతో పిలిస్తే సగం దూరమే పోతాది."

"ఇంకొకటి ఉండాది, అవ్వా."

"ఉండాది గానీ నాకు చేత కాదు."

అర్పిత అవ్వ చీర కుచ్చిళ్ళు పట్టుకొని ఇదంతా చూస్తోంది. అవ్వ రెండుసార్లు పిలిచింది, అమ్మ రాలేదు. అవ్వ ఏడుస్తోంది. పిల్లకు పురుగుల సంగతీ తెలియదు, ఛార్జీల సంగతీ తెలియదు. కుచ్చిళ్ళు వదిలి రెండడుగులు ముందుకు వేసి, ఎదురుగా అమ్మ ఉన్నట్టే, "అమ్మా, రా" అంది.

గొంతు అసలు పెద్దదేమీ కాదని చందన్ తర్వాత తన నివేదికలో రాశాడు. పక్కనే ఉన్నా తనకు సరిగ్గా వినబడలేదని కూడా రాశాడు.

వేమగల్‌లో అది అందరికీ వినబడింది. పట్టాల వైపు నుంచి రాలేదు, ఎక్కణ్ణించీ రాలేదు. కొంగు పట్టుకొని గుంజినంత దగ్గర్లో వినబడింది. ప్లాట్‌ఫారం మీద ఉన్న ఆడవాళ్ళలో పిల్లలున్న వాళ్ళంతా ఒకేసారి వెనక్కి తిరిగారు. ఎవరికి వాళ్ళు అది తమ బిడ్డే అనుకున్నారు. పిల్లలు లేని ఒకావిడ కూడా తిరిగి చూసింది, తర్వాత సిగ్గుపడింది.

పురుషోత్తమ్ రిజిస్టరులోకి చూశాడు. కూత ఎవరిదై ఉండాలో, ఏమని పిలవాలో రూల్లో ఎక్కడా లేదు. మూడో అంకె పక్కన 'వేమగల్' అని రాసి, ఎదురుగా 'కూతవేటు, పది రూపాయలు' అని రాసి సంతకం పెట్టాడు. ఆ మాట చెబుదామని పక్కకు తిరిగితే నయన అక్కడ లేదు.

పిలుపు వినగానే ఆమె రైలెక్కేసింది. టికెట్టు కొనలేదు, ఎంతైందని అడగలేదు. తలుపులు మూసుకుంటూ ఉంటే అద్దంలోంచి ఆమె మొహం కనబడింది. అది ఇంకా పిలుపు వింటున్న మొహమే. పురుషోత్తమ్ జేబులోంచి పది తీసి కౌంటర్‌లో ఇచ్చి ఆ మార్గంలో మొదటి కూతవేటు టికెట్టు తానే కొన్నాడు. దాన్ని రిజిస్టరులో అతికించి పెట్టారు.

నయన టేకల్‌లో దిగేసరికి ఇంకా వెలుతురు ఉంది. పనిరోజున ఆ ఊళ్ళో వెలుతురు చూసి ఆమెకు రెండేళ్ళయింది. బండ మీంచి అర్పిత జారుకుంటూ దిగి వచ్చి కాళ్ళకు చుట్టుకుంది. నయన కింద కూర్చొని బిడ్డ మొహం రెండు చేతులా పట్టుకొని చాలాసేపు కళ్ళే చూసింది. నల్లవి కావు, కొంచెం తేనె రంగు.

"పిలిస్తే వచ్చినావా?" అంది పిల్ల.

"వచ్చినాను తల్లీ. రేపు కూడా వస్తాను."

ఇంట్లో పురుగులు జ్వరం విడిచి తలలాడిస్తున్నాయి. తట్టలో కొత్త కాగితం పరిచి మేత వెయ్యాలి. మునివెంకటమ్మ కాగితం కోసం అటూ ఇటూ వెతుకుతుంటే నయన చేతిలో నలిగిన హాస్టల్ కాగితాన్ని ఇచ్చింది. దాన్ని తట్టలో పరిచి, పైన మల్బరీ ఆకు చల్లగానే పురుగులు మేత మొదలుపెట్టాయి. సన్నగా వాన పడుతున్నట్టు ఆకు నమిలే చప్పుడు ఇల్లంతా నిండింది.

ఆ తర్వాత కూడా మునివెంకటమ్మ సున్నం కోసమో, మేకల కోసమో బండ ఎక్కేది. నయనను పిలవాల్సిన అవసరం మాత్రం మళ్ళీ రాలేదు.