సాగనంపే పాట

భావనపాడులో ఎవరింట పెళ్లి జరిగినా పాట కట్టేది కూర్మమ్మే. పిల్లను సాగనంపేవేళ ఆమె గొంతెత్తితే మగాళ్లు కూడా తువ్వాళ్లతో కళ్లొత్తుకునేవారు. అలాంటిది సొంత ఆడబడుచు కూతురు దేవి పెళ్లి దగ్గర పడుతున్నా ఆమెకు ఒక్క చరణం తోచలేదు.

ఎలా తోస్తుంది? మొగుడు ఎల్లాజీ బోటు పనికి పడమటి తీరాన గుజరాత్‌లోని వీరావల్ వెళ్లినప్పటి నుంచి ఆమె నడుం వాల్చిందే లేదు. తెల్లారకముందే రేవులో చేపలు ఎత్తుకుని ఆటోలో నరసన్నపేట బజారుకు పోవాలి. తిరిగొచ్చి మిగిలినవాటికి ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. ఆటోలో కూర్చుని మాటలు పేర్చుకునేది. గతుకు గతుకుకీ ఓ మాట జారిపోయేది.

ఇంతలో తుపాను హెచ్చరిక వచ్చింది. పడవలు ఒడ్డెక్కాయి. అమ్మడానికి చేపల్లేవు. ఊరికే ఉండలేక కూర్మమ్మ ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడుస్తుంటే అత్త దాలమ్మ చీపురు లాగేసుకుంది.

"ఏటే ఆ తిరుగుడు? ఎల్లి కాసేపు తొంగో."

"పాట కట్టాల కదత్తా."

"పాటేటి, పిలిస్తే వచ్చీసే సుట్టమేటే? తొంగోయే ముందు."

సరుగుడు తోటలో ఇసుక మీద చాప పరుచుకుని పడుకుంది. మొదట్లో బుర్రనిండా రేపటి పనులే. తర్వాత అవి కూడా పోయాయి. సరుగుడు కొమ్మల్లో గాలి హోరు వింటూ నిద్రపోయింది.

మెలకువ వచ్చాక కూడా లేవలేదు. ఎల్లాజీ బస్సెక్కిన పొద్దు గుర్తొచ్చింది. కిటికీలోంచి అతను ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు గంపలో చేపలు పాడైపోతాయని ఆమె ఏడవకుండానే బజారుకు పోయింది. ఏడవడానికి తీరిక ఇప్పుడు దొరికింది. కన్నీళ్లతోపాటే మాటలూ వచ్చాయి.

సాయంత్రం ఎల్లాజీకి ఫోన్ చేసి పాడింది.

"ఎనక్కి సూడకు తల్లీ, సూస్తే కాలాడదు
ఎల్లిన దారంతా మా సూపే ఎంటొస్తాది..."

పాట అయ్యాక అతను అడిగాడు.

"ఇది దేవి కోసమేనేటే?"

"దేవి కోసమే మావా."

"ఆ పొద్దు ఎనక్కి సూస్తే దిగిపోదును," అన్నాడు నెమ్మదిగా. "ఇంకోపాలి పాడు."

పెళ్లికి అతనికి సెలవు దొరకలేదు. అప్పగింతలవేళ ఊరంతా దేవిని చూసి ఏడ్చింది. కూర్మమ్మ పాడినంతసేపూ పడమటి వైపే చూసింది.