ఆఖరి చుట్టు గంట

నేను స్టేడియంలో గంట కొడితే అది మా ఊరి బడిలో మోగుతోంది. అందువల్ల నా మనవరాలు పోలేశ్వరి ఎనిమిది వందల మీటర్ల పందెంలో ఇంకా పరుగెడుతూనే ఉంది.

నిజానికి ఉన్నవి రెండే చుట్లు. రెండోది మొదలవగానే గంట మోగాలి. మోగకపోతే అది ఆఖరి చుట్టు కాదు. గంట కొట్టే మనిషి "కాస్త పట్టుకో తాతా, టీ తాగొస్తాను" అని నా చేతికిచ్చి వెళ్లాడు. ఆ టీ ఇంకా కాగుతున్నట్టుంది.

తప్పు గంటది కాదు. నా చెయ్యి మా ఊరి బడిలో చదువుకున్న చెయ్యి. సాయంత్రం ఇంటిగంట కొట్టడం ఒక్కటే దానికి వచ్చిన చదువు.

పోలితో బయల్దేరిన పిల్లలు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. ఒకమ్మాయి పెళ్లి కూడా చేసుకుని, కొడుకును చంకనేసుకుని గ్యాలరీలో శనక్కాయలు వలుస్తోంది. పోలి మాత్రం అందరికన్నా ముందుంది. అందుకని పరుగులోనే జిల్లాకు ఛాంపియన్ అయింది, రాష్ట్రానికి అయింది, దేశానికి అయింది. మెడలో పతకం వేయడానికి పెద్దమనుషులు పంచెలు ఎగ్గట్టి పక్కనే పరుగెత్తి, అది వేసేసి వంపు దగ్గర పడిపోతున్నారు.

ఆమె మోకాళ్లు అరిగిపోతున్నాయి. చుట్టుచుట్టుకూ నాకు కాస్త పొట్టిగా కనబడుతోంది.

"ఏటి తాతా, కొట్టవా?" అంటోంది నా ముందు నుంచి పోతూ.

"కొడతన్నానే గుంటా! నా కుర్రతనంలో నాను గంట కొడితే సముద్రం రెండు మైళ్లు ఎనక్కెళ్లీది."

"నవ్వించకు తాతా. ఊపిరి సాలదు."

కొడతాను. మా ఊరి నుంచి హెడ్‌మాస్టరు ఫోన్ చేస్తాడు.

"పెద్దాయనా, మళ్లీ పిల్లలందరూ ఇళ్లకి ఎలిపోనారు. రెండో ఎక్కం దాటనివ్వవా?"

"అయితే మాస్టారూ, అక్కడ మీరు కొట్టండి. ఇక్కడ మోగుతాది."

ఆయన ఆలోచిస్తాడు. లెక్కల మాస్టారు కాబట్టి ఒప్పుకుంటాడు.

నా చేతిలో గంట గణగణ మోగుతోంది. పోలి మెడలోని పతకాలన్నీ తీసి విసిరేసి ఆఖరి చుట్టు అందుకుంటోంది. ఆ పరుగు చూడాలి!

చూడటానికి ఎవరూ లేరు. మోగింది ఇంటిగంట కదా. గ్యాలరీ మొత్తం లేచి, సంచులు తగిలించుకుని ఇళ్లకు పోతోంది. అంపైరు ముగింపు గీతను చాపలా చుట్టి చంకలో పెట్టుకుని గేటు దాటుతున్నాడు.

"బాబూ, ఆ గీత!"

"ఇంటిగంట కొట్టేశారు కదండీ," అంటాడు నన్నే తప్పుపడుతూ.

నేను భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస పట్టుకుని అడ్డంగా నిలబడుతున్నాను. కానీ నా కాళ్లూ ఆ బడిలోనే చదువుకున్నాయి. అవి ఇంటికి బయల్దేరుతున్నాయి.

తువ్వాలు చిరగదు. సాగుతుంది. గేటు దాటి, చెరకు తోటలు దాటి, మా ఊరి బడి అరుగు దాకా సాగింది. అరుగు మీద కూర్చున్నాను. ఎక్కడో పోలి రొమ్ము దానికి తగిలింది. గాలానికి చేప పడినట్టు కొస లాగుతోంది. వదిలితే బొక్కబోర్లా పడుతుంది. పట్టుకుంటే తువ్వాలు సాగుతూనే ఉంటుంది, పరుగు ఆగదు.

తువ్వాలు గుండా ఆమె గుండె చప్పుడు నా వేళ్లకు అందుతోంది. ఒక్కో చప్పుడుకూ బడిలోంచి పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని, నన్ను దాటి పోతున్నారు. అందరి కాళ్లకూ పోలి బూట్లే. ఏ ఒక్కరూ నడవడం లేదు.