పన్నెండో వరసలో మాట

పొద్దున్న ఏడున్నరకి బస్సు తలుపు తెరుచుకునేసరికి స్ట్రాతోస్ ముందరి అద్దాన్ని రెండుసార్లు తుడిచేసి ఉంటాడు. ఒకసారి తడిగుడ్డతో, ఇంకోసారి పాత పేపరుతో. పొలిక్సేని పసుపు గొడుగు ఊపుకుంటూ, చంకలో పేర్ల జాబితాతో సందు మలుపు తిరిగి వచ్చి "కలిమేరా, స్ట్రాతోస్ గారూ" అంటుంది. ఆయన టోపీ సర్దుకుని "కలిమేరా, పొలిక్సేని గారూ" అంటాడు. ఏథెన్సులోని ఆ సందులో పన్నెండేళ్లుగా ఇదే పలకరింపు. నాలుగు రోజుల యాత్ర, రెండు రోజుల విశ్రాంతి, మళ్లీ అదే సందు.

మిగతా కంపెనీల బస్సులన్నీ మొదటి రోజే ఎపిదవ్రోస్ మీద పడతాయి. ఆ తోపులాట మనకెందుకని వీళ్లు అటునుంచి నరుక్కొస్తారు. ముందు డెల్ఫీ, రెండో రోజు పెద్ద వంతెన దాటి ఒలింపియా, మూడో రోజు మికీనెస్, నాలుగో రోజు ఎపిదవ్రోస్ చూసుకుని సాయంత్రానికి ఇల్లు.

గైడు సీటు డ్రైవరు పక్కనే. మైకు చేతిలో ఉన్నంతసేపూ పొలిక్సేని మూడు వేల ఏళ్ల నాటి సంగతులు చెబుతుంది, ఆయన రోడ్డు చూస్తాడు. మైకు కట్టేశాక ఇద్దరూ టమాటాల దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా మాట్లాడుకుంటారు. ఆవిడ ఇంట్లో కాల్చి తెచ్చిన జున్ను రొట్టె ఆయన తింటాడు. ఆయన ఒలిచిచ్చిన నారింజ ఆవిడ తింటుంది. చూసినవాళ్లు మొగుడూ పెళ్లాలనే అనుకుంటారు. కాదు. ఆయన భార్య పోయి పదిహేడేళ్లయింది. ఆవిడకి పెళ్లే కాలేదు. ఒకసారి ఉంగరాలు మార్చుకునేదాకా వచ్చి, ఆ పెళ్లికొడుకు ఓడెక్కి పోయాడు. పీడా పోయిందని ఆవిడే నవ్వుతూ చెబుతుంది.

స్ట్రాతోస్‌ది ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. డెల్ఫీకి ఎన్ని వందలసార్లు బస్సు తోలాడో ఆయనకే తెలియదు. కానీ అక్కడి గుడి స్తంభం ఒక్కటైనా చూసిన పాపాన పోలేదు. డ్రైవర్లెవరూ గేటు దాటి లోపలికి వెళ్లరు, అదొక పట్టింపు. బస్సులు ఆపే చోట పైన్ చెట్ల నీడన తావ్లి పలక వేసుకుని, పాచికలు విసురుకుంటూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ కూర్చోవడమే వాళ్ల మర్యాద. లోపలికెళ్లినవాడు బస్సుని గాలికొదిలేసినవాడి కింద లెక్క. దానికితోడు స్ట్రాతోస్ తండ్రి జన్మంతా పాలరాతి గనిలో రాళ్లు కొట్టిన మనిషి. "రాయి మొహం నేను కొత్తగా చూడాలా?" అంటాడు ఆయన ఎవరైనా కదిపితే.

ఇప్పుడు ఎపిదవ్రోస్ సంగతి చెప్పాలి. అక్కడ కొండకి ఆనించి కట్టిన పాత నాటకశాల ఉంది. యాభై ఐదు వరసల రాతి మెట్లు, కింద నడిమధ్య ఒక గుండ్రటి రాయి. ఆ రాయి మీద నిలబడి కాగితం చింపితే చిట్టచివరి పై వరసలో వాళ్లకి చెవి పక్కనే చింపినట్టు వినబడుతుంది. అగ్గిపుల్ల గీసినా అంతే. అవి తేలిక చప్పుళ్లు కాబట్టి రివ్వున పైకి పోతాయి. మనసులోంచి వచ్చిన మాట అలా కాదు, బరువుంటుంది. ఆ రాయి మీద అది అంటున్నప్పుడు పక్కనున్నవాళ్లకి కూడా వినబడదు, పెదాలు కదలడం కనబడుతుందంతే. తర్వాత ఏడాదికొక వరస చొప్పున నింపాదిగా మెట్లెక్కుతుంది. ఏ ఏడు ఏ వరసలో ఉంటే ఆ వరసలో కూర్చున్నవాళ్లు దాన్ని వింటారు. ఇరవై ఆరో వరసలో, కొడుకు పరీక్ష గట్టెక్కాలని ఒక తల్లి చేసుకున్న మొక్కు ఉంది. ఆ కొడుక్కి ఇప్పుడు బట్టతల. నాటకశాల కాపలాదారు పనాగోస్ ప్రతి వసంతంలోనూ వరసవరసా కూర్చుని, ఏ మాట ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటాడు. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి, గేటు దాటించకూడదు. ఆ కట్టుబాటు తప్పినవాళ్లని ఆ చుట్టుపక్కల ఎవరూ మనుషుల్లో కలపరు.

పొలిక్సేని మాట పన్నెండో వరసలో ఉంది.

మొదటి ఏడాది ఆఖరి యాత్రలో, నవంబరు వానలో, జనమంతా బస్సెక్కాక ఆవిడ మర్చిపోయిన గొడుగు కోసం ఒక్కతే వెనక్కి వచ్చింది. గొడుగు దొరికింది. దాంతోపాటు ధైర్యం కూడా దొరికి, రాయి మీద నిలబడి, స్ట్రాతోస్ గురించి తన మనసులో ఉన్నదంతా చెప్పేసింది. రేపో మాపో ఆ మనిషి లోపలికి రాకపోతాడా, వినకపోతాడా అన్నది ఆవిడ ధీమా. ఆయన రాలేదు. మాట ఒకటో వరసకి చేరింది, రెండోది ఎక్కింది, మూడోది దాటింది. గైడ్లందరూ విన్నారు. టికెట్లు చూసేవాళ్లు విన్నారు. ఏడో ఏట ఒక బిషప్పుగారు విని, కిందికి దిగి వచ్చి, ఆవిడ తల నిమిరి వెళ్లాడు. వినని మనిషల్లా స్ట్రాతోస్ ఒక్కడే.

"నోటితో చెప్పేస్తే పోలా, తల్లీ?" అని పనాగోస్ ఎన్నిసార్లు అన్నాడో. సరే, చెప్పాక ఆయన కాదంటే? మర్నాడు పొద్దున్న ఆ సందులోకి వచ్చి కలిమేరా అని ఏ మొహంతో అనాలి? ఆ భయానికే ఆవిడ ఇన్నేళ్లూ ఊరుకుంది.

ఈసారి మే నెల యాత్రకి నలభై మంది డచ్చివాళ్లు దిగారు. ఏదో చిన్న ఊళ్లోని పూలతోటల సంఘమట. వాళ్లందరినీ నడిపించేది విల్మా అనే డెబ్బై ఏళ్ల మనిషి. ఈత నేర్పే పంతులమ్మగా చేసి దిగిపోయింది కానీ గొంతు ఇంకా ఈతకొలను అవతలి గట్టుకి వినబడేలాగే ఉంది.

డెల్ఫీ కొండదారిలో గేరు మారుస్తూ స్ట్రాతోస్ వాన పడేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. పెన్షను కాగితాలు వచ్చేశాయట. ఇదే ఆఖరి యాత్ర. సోమవారం కవాలాకి ప్రయాణం. తమ్ముడికి అక్కడ చేపల హోటలుంది, మేడ మీద ఖాళీ గది ఉంది. మీకెందుకు ముందే చెప్పి బెంగపెట్టడమని చెప్పలేదన్నాడు. కవాలా అంటే ఉత్తరాన ఆ కొస. ఆ పూట పొలిక్సేని డెల్ఫీలో పూజారిణి సోది చెప్పిన చోటు చూపిస్తూ రెండు శతాబ్దాలు అటూ ఇటూ చేసి చెప్పింది. డచ్చివాళ్లు శ్రద్ధగా రాసుకున్నారు.

ఒలింపియాలో వాళ్లంతా పాత పరుగుపందెం మైదానంలో పరిగెత్తారు. విల్మా గెలిచింది. వాళ్లు పరిగెడుతున్నంతసేపూ పొలిక్సేని ఒక వాక్యం కూడబలుక్కుంది. వెళ్లొద్దు, అంతే, ఎంతసేపు పడుతుంది? బస్సు దగ్గరికి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, "ఈసారి నారింజలు బాగున్నాయి" అంది. ఆయన అవునన్నాడు.

మూడో రోజు సాయంత్రం నాఫ్‌ప్లియోలో సముద్రం ఒడ్డున భోజనాల దగ్గర డచ్చివాళ్లు స్ట్రాతోస్‌కి వీడ్కోలు పలికారు. నలభై మందీ గ్లాసులెత్తారు. ఇన్నేళ్లు ఇన్ని గొప్ప చోట్లు తిరిగారు కదా, అన్నిట్లోకీ మీకు నచ్చిందేదని విల్మా అడిగింది. పొలిక్సేని తర్జుమా చేసింది. స్ట్రాతోస్ నిజాయితీగా ఆలోచించి, నీడ మికీనెస్‌లో బాగుంటుందనీ, బస్సు తిప్పుకోవడానికి ఒలింపియా వీలనీ చెప్పాడు. లోపల ఎలా ఉంటుందో తనకు తెలియదన్నాడు. ముప్పై ఒక్కేళ్లూనా, అని విల్మా రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది. ఆ తర్వాత వాళ్లంతా తమ భాషలో ఏదో గట్టిగా తీర్మానించుకున్నారు. రేపు ఎపిదవ్రోస్‌లో డ్రైవరుగారు కూడా లోపలికి రావాలి. రాకపోతే ఎవరూ బస్సు దిగరు.

స్ట్రాతోస్ బస్సు సాకు చెప్పాడు. మోకాళ్లు సహకరించని పెద్దమనుషులిద్దరు బస్సుకి కాపలా ఉంటామన్నారు. చెప్పులు బాగాలేవన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. అతిథి మాట తీసేయడం ఆయన పుట్టుకలో లేదు. పొలిక్సేని ఆ రాత్రి కన్ను మూసింది లేదు. పన్నెండేళ్లుగా రావాలని కోరుకున్నది ఇదే. తీరా వస్తుంటే, రాకపోతేనే బాగుండుననిపించింది.

మర్నాడు గేటు వైపు నడుస్తుంటే పైన్ చెట్ల కింద డ్రైవర్లు పాచికలు ఆపేశారు. "ఏం స్ట్రాతోస్, పర్యాటకుడివైపోయావా? మాకూ నాలుగు ఫోటోలు తీసుకురా" అన్నాడొకడు. స్ట్రాతోస్ చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని విల్మా వెనకాల నడిచాడు.

ఆయన్ని చూసి పనాగోస్ నోట్లోని ఈల జారిపోయింది. పొలిక్సేని వైపు తిరిగి కళ్లు ఎగరేశాడు. ఆవిడ ఎప్పట్లాగే డచ్చివాళ్లకి తేలిక చప్పుళ్ల సంగతీ, బరువు మాటల సంగతీ చెప్పి పైకి పంపింది. తను నడిమి రాయి దగ్గర నిలబడి, ఒక్క మనిషినే చూస్తోంది. స్ట్రాతోస్ అందరికంటే వెనక పడ్డాడు. ఎనిమిదో వరస దగ్గర ఆయాసపడుతూ ఆగి, కూర్చోబోయాడు.

"అక్కడొద్దు," అన్నాడు పనాగోస్ గబగబా ఎక్కి వచ్చి. "అందులో నాఫ్‌ప్లియో పళ్ల డాక్టరు వాళ్ల అత్తగారి గురించి అన్న మాటలున్నాయి. పొద్దున్నే ఎందుకు."

తొమ్మిదోది మంచుకి తడిసి ఉందన్నాడు. పదోదాంట్లో ఎవరిదో ఏడుపుంది, మనసు పాడవుతుందన్నాడు. పదకొండో వరసకి చేరాక చీమలున్నాయన్నాడు. అక్కడ ఒక్క చీమా లేదు.

"మరెక్కడ కూర్చోమంటావయ్యా? నా మోకాళ్లంటే నీకు లెక్క లేదా?"

"కూర్చోమని చెప్పడం నా పని కాదు. కూర్చోకూడని చోట్లు చెబుతున్నాను," అని పనాగోస్ చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయాడు.

స్ట్రాతోస్ ఇంకొక్క మెట్టెక్కి, ఇక నా వల్ల కాదనుకుని, పన్నెండో వరసలో చతికిలబడ్డాడు.

కింద పొలిక్సేని రాయెక్కి కాగితం చింపింది. పైనుంచి ముప్పై ఎనిమిది మందీ వినబడిందని చేతులూపారు. అగ్గిపుల్ల గీయబోతే విరిగింది. రెండోదీ విరిగింది. స్ట్రాతోస్ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వరసలో ఎవరూ లేరు. తర్వాత కదలకుండా కూర్చున్నాడు. మొదలైందని ఆవిడకి తెలిసింది. ఆ మాట ఆవిడకి కంఠతా వచ్చు. "స్ట్రాతోస్, నీ బస్సు ఎక్కడికి పోయినా ఆ ముందు సీటు నాకే ఉంచు. దారిలో చూడటానికి ఏమీ లేకపోయినా సరే. పొద్దున్నే ముందుగా నీ మొహం చూడాలి, ముసలిదాన్నయ్యేదాకా నీ పక్కనే కూర్చోవాలి. నువ్వంటే నాకు ప్రాణం." ఇప్పుడు సీటు దగ్గరికి వచ్చి ఉంటుంది, అనుకుంది. ఇప్పుడు 'ముసలిదాన్నయ్యేదాకా' దగ్గరికి. ఇప్పుడు అయిపోయి ఉంటుంది.

స్ట్రాతోస్ టోపీ తీశాడు. లేస్తాడనుకుంది, లేవలేదు. ఆ వరసలో మాట అయిపోయాక మళ్లీ మొదటికి వస్తుంది. ఆయన దాన్ని మూడుసార్లు విన్నాడు.

తర్వాత ఒక్కొక్క మెట్టే దిగాడు. ఆవిడ వైపు చూడలేదు. దగ్గరికి వచ్చి, "కాస్త జరగండి" అన్నాడు. ఆవిడ రాయి దిగి పక్కకి జరిగింది. ఇక అయిపోయింది, సోమవారం కవాలా బండెక్కుతాడు, పోతూ పోతూ మర్యాదకి ఏదో అంటాడు అనుకుంది.

స్ట్రాతోస్ రాయి మీద నిలబడ్డాడు. టోపీ రెండు చేతుల్లో నలుపుతున్నాడు. పెదాలు కదిలాయి. మితభాషి, అయినా చాలాసేపు కదిలాయి. అడుగు దూరంలో ఉన్న పొలిక్సేనికి ఒక్క అక్షరం వినబడలేదు. పైన విల్మా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగింది. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లూ వంగారు. కాగితం చిరగడం విన్నవాళ్లు, పుల్ల విరగడం విన్నవాళ్లు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరికీ ఏమీ వినబడలేదు. ఒక్క క్షణం ఆగి విల్మా లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టింది. ముప్పై ఎనిమిది మందీ అందుకున్నారు. నాటకశాలలో గోల చేస్తే ఈల ఊదాల్సిన పనాగోస్ అటు తిరిగి కొండని చూస్తూ నిలబడ్డాడు.

"ఏమన్నారు?" అంది పొలిక్సేని.

"వచ్చే వసంతంలో మొదటి వరసలో కూర్చుంటే వినబడుతుందటగా," అన్నాడు స్ట్రాతోస్. "నేనూ వస్తాను. ఇద్దరం కూర్చుని విందాం."

"కవాలా నుంచి వస్తారా?"

"కవాలా ఎక్కడిది. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని తమ్ముడికి ఫోన్ చెయ్యాలి."

పొలిక్సేనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పసుపు గొడుగు తెరిచి, మళ్లీ మూసింది. అంతలోనే ఆవిడకి కోపం కూడా వచ్చింది.

"ఏడాది ఆగమంటావా నన్ను? పన్నెండేళ్లు ఆగాను, ఇంక ఒక్క పూట కూడా ఆగను. ఆ రాయి దిగి చెప్పు."

స్ట్రాతోస్ రాయి దిగాడు. మామూలు మట్టి మీద నిలబడి, మామూలు గొంతుతో, పై వరసదాకా అందరికీ వినబడేలా చెప్పాడు.