తెరిచి ఉంచిన గేటు

జలపాతం దారిలో, రాతిగోడకు తాడుతో కట్టి తెరిచి ఉంచిన ఇనుప గేటును విప్పి మూసినవారెవరు? పర్యాటక కేంద్రంలో అడిగారు, గుడారాల మైదానంలో అడిగారు, ఇద్వాల్ నడిపే చిన్న పొగబండిలో కూర్చున్నవారిని పేరుపేరునా అడిగారు. ఈనాటికీ జవాబు లేదు.

అది ఏప్రిల్ రెండో వారం. వేల్స్ ఉత్తరాన, ఎరిరి కొండలమీద శుక్రవారం మధ్యాహ్నం మంచు మొదలై రాత్రంతా కురిసింది. శనివారం తెల్లవారగానే కుక్కను వెంటబెట్టుకుని ఎక్కి వచ్చిన నెస్ట్ ప్రిథెర్ఖ్‌కు మూసిన గేటు కనిపించింది. దానికి చక్కగా చుట్టి తగిలించిన తాడు కనిపించింది. అవతల, కొండ వైపున, మంచును తొక్కి తొక్కి బురద చేసిన గిట్టల గుర్తులు కనిపించాయి. గొర్రెలు మాత్రం లేవు.

నలభై మూడు గొర్రెలు, అన్నీ సూడివి. గోడకు పైన కొండమీద ఎక్కడా కంచె లేదు. ఏ వాలులో మేయాలో, గాలి ఉత్తరానికి తిరిగితే ఏ దారిన దిగి గేటు దాటాలో తల్లి పిల్లకు నేర్పుతుంది, ఆ పిల్ల తన పిల్లకు నేర్పుతుంది. నెస్ట్ ముత్తాత నాటి నుంచి ఆ చదువు ఒక్క ఏడైనా తెగలేదు. సంతలో కొన్న గొర్రెలకు ఆ చదువు రాదు. వదిలిన వారానికి అవి పక్క లోయలో తేలుతాయి. ఈ మంద పోతే మళ్లీ ఇలాంటిదాన్ని నిలబెట్టడానికి ముప్పై ఏళ్లు కావాలి. నెస్ట్‌కు డెబ్బై ఒకటి.

"వదినా, ఆగు! మోకాళ్లు నీతోనే వచ్చాయా, ఇంటి దగ్గర వదిలేశావా?" పారా, పొడవాటి కర్ర భుజాన వేసుకుని మరిది ఇద్వాల్ రొప్పుతూ వచ్చాడు.

"నీ పొగబండి కంటే ముందే ఎక్కాను కదయ్యా. అది బొగ్గు మేసి కూడా దగ్గుతుంది." నెస్ట్ గేటు వైపు చూపించింది. "మీవాళ్ల నిర్వాకం చూడు."

"మావాళ్లేంటి? టిక్కెట్టు కొన్న ప్రతివాడూ నాకు చుట్టమా?"

"టోపీ తీసి మరీ ఎక్కించుకుంటావుగా."

ఇద్వాల్ కోటు జేబులోంచి నిగనిగలాడే కరపత్రం ఒకటి తీసి ఇచ్చాడు. పైన జలపాతం బొమ్మ. కింద సందర్శకులకు సూచనలు. ఐదోది: 'మీరు దాటిన ప్రతి గేటునూ తప్పక మూయండి.' నెస్ట్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. రాసినవారు ఈ లోయలో ఒక్క ఇంటి తలుపైనా తట్టి అడగలేదు.

"అయితే వాడు పాపం బుద్ధిమంతుడే వదినా. చెప్పినట్టు చేశాడు."

"బుద్ధిమంతుడు కాబట్టే ముడి అంత ఓపిగ్గా విప్పాడు. చదువు సంధ్యల్లేని వెధవ అయ్యుంటే అలాగే వదిలేసి పోయేవాడు, నా గొర్రెలు దిగేవి."

గోడ వెంబడి పేరుకున్న మంచులో ఇద్వాల్ అడుగడుక్కీ కర్ర గుచ్చుతూ నడిచాడు. కింద కూరుకుపోయిన గొర్రె ఏదైనా మెత్తగా తగులుతుందేమోనని నెస్ట్ కర్ర కొననే చూస్తూ వెనక నడిచింది. కర్ర ప్రతిసారీ రాయినే తాకింది. గోడ మలుపులో కుక్క ఆగి, పడమటికి తిరిగి నిలబడింది. అక్కడి నుంచి గుర్తులు చెదరలేదు. ఒకదాని వెనక ఒకటిగా, సన్నని బాటలా పైకి పోయాయి.

"పాత పలకరాతి గని!" అన్నాడు ఇద్వాల్.

కరపత్రం ఆ చోటిని 'శిథిలాలు, కూర్చుని భోజనం చేయడానికి అనువు' అన్నది. నెస్ట్ తాత నలభై ఏళ్లు అక్కడే కూర్చుని పలకలు చీల్చాడు. మూడు గోడల కొట్లు వరసగా ఉంటాయి. ఉత్తరపు గాలికి వీపు పెట్టి కట్టినవి. పనివారి వేళ్లు కొంకర్లు పోకూడదని.

కొట్లలోంచి ఆవిరి లేస్తోంది. నెస్ట్ లెక్కపెట్టింది. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది, నలభై ఒకటే. ఇద్వాల్ చివరి కొట్టులోకి తొంగిచూసి కేక వేశాడు.

"వదినా, ఇక్కడ మూడున్నాయి!"

ఒక మూలన ముసలి గొర్రె, చెవికి ప్రిథెర్ఖ్‌ల గాటు ఉన్నది, ఏళ్ల తరబడి మందకు ముందు నడిచేది. దాని పక్కన మరో గొర్రె. ఆ రెండో దాని కాళ్ల మధ్య, ఇంకా పచ్చిగా, పసుపు పసుపుగా, నిలబడబోయి పడిపోతున్న పిల్ల.

నెస్ట్ పలకల కుప్పమీద కూలబడింది. నవ్వు ఆగలేదు, కళ్లనీళ్లూ ఆగలేదు. ఇద్వాల్ ఫ్లాస్కులోంచి టీ పోసి, ఎండుద్రాక్షల రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"మందను నడిపినదానికి ఈ దారి ఎవరు చెప్పారంటావ్?"

"ఎవరు చెబుతారు? వాళ్లమ్మ."

"నువ్వు దాన్ని ముసలిదైందని అమ్మేద్దామన్నావు, పోయినేడు."

"నోరు మూసుకుని టీ తాగు."

సోమవారం నెస్ట్ అబెర్‌హెస్గ్ ఊళ్లోని పర్యాటక కేంద్రానికి వెళ్లింది. వచ్చే ఏడు కొత్త కరపత్రంలో మారుస్తామని బల్ల వెనక ఉన్నాయన మర్యాదగా చెప్పాడు. పాతవి ఇంకా నాలుగు వేలు ఉన్నాయట. ఆమె ఇంటికొచ్చి, తాత చీల్చిన పలక ఒకటి కడిగి, తెల్లరంగుతో 'ఈ తాడు విప్పకండి' అని రాసి గేటుకు కట్టింది.

ఇక మీ సంగతి. ఆ లోయకు వెళ్లండి, జలపాతం చూడండి, ఇద్వాల్ బండి ఎక్కండి, ఎవరూ కాదనరు. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదిలి రండి. ఆ శుక్రవారం ఆ తాడు విప్పినది మీరే అయితే, ఇప్పుడైనా ఒప్పుకోండి.